రెండు వేళ్ల సందు

తాడు, దేహం, రాగం: ఆదోని కొండ కింద నిలబడి చూస్తే జపాను బొమ్మలు మరీ అంత దూరంగా లేవు

ఏరువాక పున్నమికి వారం ముందు ఆదోని బజారులో తాళ్ల అంగళ్లు నిండుగా ఉంటాయి. పగ్గాలు, పలుపులు, ముకుతాళ్లు, చిక్కాలు, ఎద్దుల మెడలోకి రంగు కుచ్చులు. సగానికి సగం నైలానే. నాకు కావలసింది జనపనారది. చిటికెనవేలు కన్నా సన్నంగా, ఓ ఎనిమిది మీటర్లు.

"మెత్తగుండల్ల తాతా, చర్మం గీసుకోగూడదు" అన్నాను.

తాత తలెత్తకుండానే "ఎన్నేండ్ల ఎద్దప్పా?" అన్నాడు.

ఎద్దు లేదని చెప్పలేకపోయాను. బొమ్మల కోసమంటే ఏం బొమ్మలంటాడు. తాళ్లతో కట్టిన మనుషుల బొమ్మలని చెప్పాలి. ఇష్టపడి కట్టించుకున్నవాళ్లని చెప్పాలి. ఆ ఎండలో, ఆ బజారులో అంత మాట నా నోట రాలేదు. "నాలుగేండ్లది" అనేశాను.

ఆయన ఒక తాడు లాగి తన మణికట్టుకే రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. తాడుకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూర్చి అటూ ఇటూ ఆడించాడు. "ఇట్ల రెండు వేళ్లు దూరల్ల. దూరలేదనుకో, ఉరే. ఎద్దు నోరు తెరిచి చెప్పల్యాదు గదప్పా."

మనిషైతే చెప్పగలడు. నేను ఆదోనికి వెంట తెచ్చుకున్న బొమ్మలన్నీ ఆ చెప్పగలగడం చుట్టూ తిరిగేవే.

రేకుల మీద గీసిన ఎలుకలు

తాడుతో దేహాన్ని కట్టడాన్ని జపానులో షిబారి అంటారు, బిగువు మీద దృష్టి ఉంటే కిన్‌బాకు అంటారు. ఇప్పుడది ప్రపంచమంతా పాకింది. దాన్ని రంగుల్లో పెట్టే చిత్రకారులున్నారు, స్టూడియోలో పాట పెట్టుకుని ఆ పాట లయకి తగ్గట్టు కట్టు వేసి, ఆ కట్టుని బొమ్మగా వేసేవాళ్లున్నారు. ఈ బొమ్మల్లో నగ్నత్వం కన్నా ముందు కంట పడేది ముఖం. కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలేసిన ముఖం. పెద్ద పని ఏదో అయిపోయి మంచం మీద వాలిన మనిషికి అలాంటి ముఖం ఉంటుంది.

దీని పుట్టుక మాత్రం అంత ముచ్చటైనది కాదు. జపానులో ఎదో అనే యుగంలో నేరస్థుల్ని పట్టి కట్టే విద్య ఒకటి ఉండేది, హోజోజుత్సు. పట్టుబడినవాడి హోదాని బట్టి, నేరాన్ని బట్టి కట్టు మారేది. ఆ కట్టు నాటకశాలకి ఎక్కింది. కబుకీలో ఇప్పటికీ ఆడే ఒక ఘట్టం ఉంది. 1757లో కీలుబొమ్మల ఆటగా మొదలైన ‘గియోన్ సైరేయ్ షిన్‌కోకి’లో యుకిహిమె అనే యువతి, మహాచిత్రకారుడు సెష్షూ మనవరాలు. మాట వినలేదని దుర్మార్గుడొకడు ఆమెను చెరీ చెట్టుకి తాడుతో కట్టించేస్తాడు. పూలరేకులు జలజలా రాలుతుంటాయి. చేతులు కదలవు. ఆమె కాలి బొటనవేలితో ఆ రేకుల మీదే ఎలుకల బొమ్మలు గీస్తుంది. ఆ ఎలుకలు ప్రాణం పోసుకుని తాడు కొరికేస్తాయి. పక్కన గాయకుడు కథ పాడుతుంటే, షామిసెన్ మోగుతుంటే జరిగే దృశ్యమిది. తాడూ పాటా బొమ్మా ఒకేచోట కలిసిన ఘట్టం ఇంతకన్నా పాతది నాకు కనబడలేదు. ఇక్కడ తాడు బలవంతపుదే, అందుకే అది తెగాలి. ఆ తేడా ప్రేక్షకుడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తరవాతి కాలంలో ఇతో సెయూ (1882–1961) అనే చిత్రకారుడు ఈ నాటకాల్లోని హింస ఘట్టాలకు పిచ్చివాడై, మనుషుల్ని కట్టించి బొమ్మలు వేశాడు. గర్భిణి అయిన తన భార్యనే కట్టి ఫొటోలు తీయించాడు. ఆధునిక కిన్‌బాకుకి ఆయన్ని ఆద్యుడంటారు. నాకు ఆయన బొమ్మలు నచ్చవు. గీత గొప్పది, చూపు మాత్రం కట్టినవాడి చూపు. కట్టించుకున్న మనిషి లోపల ఏం జరుగుతోందో ఆయనకు పట్టలేదనిపిస్తుంది. ఇప్పటి చిత్రకారుల్లో, ముఖ్యంగా తామే తాడులో కూర్చుని చూసిన ఆడవాళ్లు వేసిన వాటిలో, ఆ చూపు తిరగబడింది.

వీటిని చూసేటప్పుడు ఒక కిటుకు. తాడు వేసేస్తే తాడు కనబడుతుంది, అంతే. తాడుకి రెండు పక్కలా చర్మం కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బు మీద వెలుగు పడితేనే బిగువు కనబడుతుంది. కొందరు అసలు తాడునే వేయరు. విప్పేశాక చర్మం మీద మిగిలిన మెలికల అచ్చుని మాత్రమే వేస్తారు. సాయంత్రం నులకమంచం మీంచి లేచినవాడి వీపు గుర్తుందా? అదే అచ్చు.

జీవాళి

పాట సంగతి. 1967లో అమెరికాలో ‘ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నీకో’ అనే ఆల్బం వచ్చింది. అట్ట మీద అరటిపండు బొమ్మ ఆండీ వార్హాల్‌ది. అందులో ‘వీనస్ ఇన్ ఫర్స్’ అనే పాట, సాకర్-మాసోక్ 1870లో రాసిన నవల పేరుతోనే ఉంటుంది. ఇష్టపడి లొంగిపోవడం గురించిన నవల. రచయిత ఇంటిపేరు మీదే ఆ తరవాత వైద్యులు ఒక జబ్బుకి పేరు పెట్టేశారు, పాపం. ఆ పాటలో జాన్ కేల్ వయోలా ఒకటే స్వరాన్ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రుద్దుతూ ఉంటుంది. తెలుగు చెవికి అది వెంటనే శ్రుతిలా తగులుతుంది. తగలడంలో వింత లేదు. కేల్ అంతకుముందు అమెరికా స్వరకర్త లా మాంటే యంగ్ బృందంలో గంటల తరబడి ఒకే స్వరం మోగించినవాడు. ఆ యంగ్ మన సంగీతం విని మారిపోయి, 1970లో హిందూస్థానీ గాయకుడు పండిత్ ప్రాణనాథ్‌కి శిష్యుడయ్యాడు. మన తంబురా అట్లాంటిక్ దాటి, తోలు బూట్ల గురించి పాడే ఆ పాటలోకి దొడ్డిదారిన వెళ్లిందన్నమాట.

తంబురాని దగ్గరగా చూడండి. తీగె తనని మోసే దిమ్మ (గుర్రం) మీద బిగుతుగా కూర్చుంటే టంగుమని మోగి ఊరుకుంటుంది. తీగె కింద చిన్న నూలుపోగు ఒకటి పెట్టి, అటూ ఇటూ జరుపుతూ సరైన చోటు పట్టుకుంటే అప్పుడు జుమ్మని పలుకుతుంది. ఆ పోగు పేరు జీవాళి. దాని పనల్లా తీగెకీ గుర్రానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఇవ్వడం. బిగువు ఉండాలి, సందూ ఉండాలి. పత్తి బేళ్లు కొండల్లా పేర్చిన ఆదోనిలో నూలుపోగు గురించి ఇంత చెప్పక్కర్లేదు గానీ, తాళ్ల అంగడి తాత మణికట్టు చూశాక నాకు ముందు గుర్తొచ్చింది తంబురానే.

కోట కింద రాగమాల

ఆదోనికీ ఈ విషయానికీ ముడి ఎక్కడ? కోటలో.

విజయనగరం పోయాక ఆదోని బీజాపూరు చేతికి వచ్చింది. ఆ బీజాపూరుని 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్‌షాకు సంగీతమంటే ఎంత పిచ్చంటే తన తంబురాకి మోతీఖాన్ అని పేరు పెట్టుకున్నాడు. దక్ఖనీ భాషలో పాటలు కట్టి ‘కితాబె నౌరస్’ చేశాడు. ఆయన తంబురా మీటుతుండగా ఫరూఖ్ బేగ్ వేసిన బొమ్మ ఇప్పుడు ప్రేగ్‌లో ఉంది. రాగాన్ని మనిషిగా ఊహించి బొమ్మ వేసే రాగమాల సంప్రదాయం దక్కనులో అప్పుడే విరగకాసింది.

ఆ బీజాపూరు దర్బారులోనే తరవాతి కాలంలో చక్రం తిప్పి, చివరికి విసిగి ఆదోని కోటకు వచ్చేసినవాడు సిద్దీ మసూద్ ఖాన్. మూలాలు ఆఫ్రికావి. ఊళ్లో ఉన్న షాహీ జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో ఔరంగజేబు సైన్యం ఫిరోజ్ జంగ్ నాయకత్వంలో కోటని చుట్టుముట్టింది. కోట లొంగలేదు. అప్పుడు ఫిరంగుల్ని మసీదు వైపు తిప్పారట. తన ప్రాణాలకి వెరవని మసూద్ ఖాన్ ఆ రాళ్లు పగులుతాయని తెలిసి కోట అప్పగించేశాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎంత గట్టివాడికైనా మెత్తని చోటు ఒకటి ఉంటుంది. శత్రువుకి అది తెలిస్తే ఓటమి. నమ్మినవాడికి మనమే చూపిస్తే దానికి వేరే పేరు. ఈ బొమ్మలు పట్టుకోవాలని చూసేది ఆ రెండో సంగతినే.

కోట పేరు ఇంతియాజ్‌గఢ్ అయింది. మొఘలుల తరఫున ఇక్కడికి వచ్చిన బికనేరు మహారాజు అనూప్ సింగ్ 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. దక్కనులో ఉన్నన్నాళ్లూ ఆయన రాతప్రతులు పోగుచేసి ఎడారికి పంపుతూ వచ్చాడు. బికనేరులోని అనూప్ సంస్కృత గ్రంథాలయం ఆ పోగే. ఆయన ఆస్థానంలో భావభట్టు అనే సంగీత శాస్త్రకారుడు రాజు పేరు మీద అనూపసంగీతరత్నాకరం, అనూపసంగీతవిలాసం, అనూపసంగీతాంకుశం రాశాడు. బికనేరు బొమ్మల్లో దక్కను రంగులు చిక్కబడింది కూడా ఈ రోజుల్లోనే. పత్తి బండ్లు తిరిగిన దారిలోనే రాగాలూ బొమ్మలూ వెళ్లాయి.

రాగమాలలో నాకు ఇష్టమైన బొమ్మ అసావరి రాగిణి. దక్కనులో, మాళ్వాలో, రాజస్థాన్‌లో ఎవరు వేసినా కథ ఒకటే. కొండ రాయి మీద ఒంటరిగా కూర్చున్న నల్లని శబరి పిల్ల. నడుముకి నెమలి ఈకలో ఆకులో. వెనక చందనం చెట్టు. ఆమె రాగానికి చెట్టుని చుట్టుకున్న పాములన్నీ దిగి ఆమె దగ్గరికి వస్తాయి. చేతులకి, భుజాలకి, ఒక్కోసారి మెడకి చుట్టుకుంటాయి. ఆమె బెదరదు, విదిలించదు. కొన్ని బొమ్మల్లో ఒక పాముని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని దాని కళ్లలోకి చూస్తూ ఉంటుంది.

చాలాసేపు చూశాను. కట్టు ఇదే కదా అనిపించింది. చుట్టుకున్నది విషం, చుట్టించుకున్నది ఆమె, పిలిచిందీ ఆమే. పాట ఆపితే అవి వెళ్లిపోతాయి. తాడుని చూసి పాము అనుకోవడం అజ్ఞానానికి ఉపమానమని వేదాంతం చదివినవాళ్లంతా చెబుతారు. ఇక్కడ పాములే తాళ్లయ్యాయి, అజ్ఞానం మాత్రం లేదు. మన అసావేరి, పాములవాళ్ల పున్నాగవరాళి రెండూ హనుమతోడి మేళం పిల్లలే కావడం ఊరికే కాదేమో. ఒక్కటే లోపం. ఈ బొమ్మల్లో పాము కింద చర్మం నొక్కుకోదు. నీడలు వేయని పద్ధతిలో బిగువు చూపించడం కుదరదు. బొమ్మ అంతా చూపు మీదే ఆధారపడాలి. ఆ పిల్ల చూపు సరిపోయింది.

సత్యభామ ఎడమకాలు

ఇదంతా పరాయి సరుకు అనేవాళ్లుంటారు. వాళ్లకోసం కొన్ని మాటలు.

పన్నెండో శతాబ్దపు జయదేవుడి గీతగోవిందంలో పందొమ్మిదో అష్టపదిలో కృష్ణుడు అలిగిన రాధని బతిమాలేది ఏమిటి? కోపముంటే నన్ను నీ చేతులతో కట్టెయ్, పంటిగాటు పెట్టు, నీ కాలు నా తలమీద పెట్టు అని. ఈ అష్టపది మన భజనల్లో ముత్తయిదువలు కూర్చుని పాడుతుంటారు. అమరుక శతకంలో ఒక నాయిక ప్రియుణ్ణి చేతులతో బంధించి చెలికత్తెల ముందే కొడుతుంది, వాడు నవ్వుతూ ఉంటాడు. ఆ అమరుకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య రాసినవాడు కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి. ఇక నంది తిమ్మన సత్యభామ ఎడమకాలు తెలుగువాడికి నేను పరిచయం చేయాలా? కాలు నొచ్చిందేమోనని కృష్ణుడు అడగడమే అక్కడ కవిత్వం.

ఈ సంప్రదాయాన్ని దాచిపెట్టాలన్న సిగ్గు మనకి ఎప్పుడొచ్చిందో కూడా లెక్క ఉంది. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారు ఎత్తివేసేదాకా అది చీకట్లోనే ఉంది.

అయితే పాతదంతా బంగారం అనడం నా ఉద్దేశం కాదు. వాత్స్యాయనుడిదే ఒక హెచ్చరిక ఉంది. కామసూత్రాల్లో దెబ్బల రకాలు చెబుతూ, దాక్షిణాత్యులు ఇంకో నాలుగు కలుపుతారు, కీల, కర్తరి, విద్ధ, సందంశిక అని పేర్లు పెట్టి, ఇవి బాధాకరం, పెద్దమనుషుల పద్ధతి కాదు అని తేల్చేస్తాడు. తరవాత జరిగిన ప్రమాదాలు వరసగా చెబుతాడు. చోళరాజు కీలతో చిత్రసేన అనే గణికని చంపాడు. కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు కర్తరితో రాణి మలయవతిని చంపాడు. నరదేవుడనేవాడు ఒక నర్తకికి ఒక కన్ను పోగొట్టాడు. కుంతలమంటే ఎక్కడో కాదు, తుంగభద్ర ప్రాంతం. ఆదోని దగ్గరి మ్యాకదోనిలో దొరికిన పులుమావి శాసనం ఈ సీమని సాతవాహనిహారం అంది. అంటే వాత్స్యాయనుడు వేలెత్తి చూపించింది ఇంచుమించు మన వీధినే! మోహం తలకెక్కినవాడికి చేయి ఎంత బరువుగా పడుతోందో తెలియదు అన్నది ఆయన లెక్క. మలయవతి వద్దందా, అనే అవకాశం ఇచ్చారా, ఆ మాట పుస్తకంలో లేదు.

ఇప్పుడు తాడు పట్టేవాళ్లు మొదట నేర్చుకునేది ఆ అవకాశాన్నే. ముందే ఒక మాట అనుకుంటారు. ఆ మాట వినబడితే కట్టు విప్పాలి, ఎందుకని అడగకూడదు. పక్కన మొద్దుమొన కత్తెర ఉండి తీరాలి. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి పక్కగదిలోకి కూడా వెళ్లకూడదు. భుజానికీ మోచేతికీ మధ్య ఎముకని ఒరుసుకుంటూ పోయే నరం నొక్కుకుంటే మణికట్టు వేలాడిపోతుంది, తిరిగి రావడానికి నెలలు కూడా పట్టవచ్చు. మెడకి తాడు వద్దే వద్దు. ఆ తరవాత తాత చెప్పిన రెండు వేళ్లు. ఇవన్నీ పాటించినా ప్రమాదం పూర్తిగా పోదు. ఆ బొమ్మల్లో మెత్తదనం అంత గట్టిగా తగలడానికి ఇదో కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త జబ్బుల పట్టికలో, పెద్దవాళ్లు ఇద్దరూ ఇష్టపడి చేసుకునే ఇలాంటి వాటిని జబ్బుల లెక్కలోంచి తీసేసింది. సాకర్-మాసోక్ ఆత్మ కాస్త శాంతించి ఉంటుంది. బొమ్మల సంగతికొస్తే, 2014లో మన సుప్రీంకోర్టు ఒక నగ్న ఫొటో అశ్లీలమా కాదా అన్నది పాతకాలపు ఇంగ్లీషు కొలతతో కాక ఈనాటి సమాజం కొలతతో చూడాలంది.

ఆదోనిలో కూర్చుని నొప్పి, ఇష్టం అని రాస్తూ దేవరగట్టుని దాటేయలేను. అక్కడ దసరా రాత్రి మాళమల్లేశ్వరుడి కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని దిగుతాయి, తలలు పగులుతాయి, పసుపు అద్దుకుని ఇళ్లకి పోతారు. ఇష్టపడే వస్తున్నాం అంటారు. నిజమే. కానీ ఆ చీకట్లో, ఆ దివిటీల పొగలో ఎవరైనా ఆపండి అంటే వినేవాడెవడు? నాకు బొమ్మలోని తాడు కన్నా ఆ కర్రే ఎక్కువ భయం. ఇక మన సినిమాల్లో క్లైమాక్సుకి ముందు గోడౌనులో స్తంభానికి కట్టేసిన హీరోయిన్ని యాభై ఏళ్లుగా కుటుంబ సమేతంగా చూస్తున్నాం. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. దానికి మనకి అభ్యంతరం లేదు. అడిగి కట్టిన బొమ్మ గోడకి ఎక్కితేనే ఎక్కడలేని సంస్కృతీ గుర్తొస్తుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు గంటలోపు దారి. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడికీ వెళ్లాను. గుంటమగ్గం దగ్గర ఒక పెద్దాయన పడుగు మీద చేతి వెనకవైపుతో అలా రాసి చూస్తున్నారు, జ్వరం చూసినట్టు. ఏం చూస్తున్నారన్నాను. "బిగువు" అన్నారు. వదులైతే గుడ్డ కుంగుతుంది, బిగిస్తే పోగు తెగుతుంది. కొలత ఎంత అంటే నవ్వారు. "పోగే చెబుతాది నాయనా, మనం వినల్ల." నా సంచిలో తాడు చూసి ఆయనా ఎద్దు సంగతే అడిగారు. గరుకుగా ఉందని, దీపం సెగ మీద తిప్పి పీచు కాల్చి ఆముదం పట్టించమన్నారు. షిబారి నేర్పేవాళ్లు కొత్త తాడుకి చేసేది కూడా ఇంతే: మంట, నూనె.

రాత్రి లాడ్జి గదిలో అలాగే చేశాను. ఫోనులో తంబురా పెట్టుకుని ఎడమ మణికట్టుకి నేనే చుట్టుకున్నాను. ఒంటిచేత్తో ముడి వేయడం ఎంత కష్టమో! ఇంకొకరు కావాలని అప్పుడు తెలిసింది. బొమ్మల్లో కనబడే ఆ ఊపిరి వదిలేయడం నాకు రాలేదు. రాదు కూడా, రెండు కొసలూ నా చేతిలోనే ఉంటే. పావుగంట తరవాత విప్పితే చర్మం మీద మెలికలు మెలికలుగా అచ్చు. పడుకునేదాకా చూస్తూ ఉన్నాను.

పొద్దున బస్సెక్కే ముందు తాళ్ల అంగడి ముందు నుంచే నడిచాను. తాత చూశాడు.

"తాడు సరిపోయిందాప్పా?"

"పోయింది తాతా. రెండు వేళ్లు దూరినాయి."

ఆయన నా మణికట్టు మీద ఎర్రగా మిగిలిన మెలికల్ని ఒక్క క్షణం చూశాడు. తరవాత పక్కనున్న నైలాను కట్ట విప్పుతూ, "ఎద్దు మంచిదే అయితే" అన్నాడు.